పవర్ టిల్లర్‌ను వాహనంలోకి ఎక్కించడం, దించడం: బల్లలు, వాలు, మోకు విషయంలో పాటించాల్సిన జాగ్రత్తలు

దుక్కికి, దమ్ముకు, కలుపు తీతకు చిన్న రైతులు పవర్ టిల్లర్లు, పవర్ వీడర్లు ఎక్కువగా వాడుతున్నారు. ట్రాక్టర్ తిరగలేని చిన్న మడుల్లో, తోటల్లో వరుసల మధ్య ఇవి బాగా పనికొస్తాయి. అందరూ సొంతంగా కొనలేరు కాబట్టి పక్క రైతు దగ్గరో, కస్టమ్ హైరింగ్ సెంటర్‌లోనో అద్దెకు తెచ్చుకుంటారు. అలా తెచ్చుకున్నప్పుడు యంత్రాన్ని టాటా ఏస్‌లోనో, బొలెరో పికప్‌లోనో, ట్రాక్టర్ ట్రక్కులోనో ఎక్కించి పొలానికి చేర్చాలి, పని అయ్యాక మళ్లీ ఎక్కించి తిరిగి పంపాలి. రిపేరుకు టౌనుకు తీసుకెళ్లాలన్నా ఇదే పని.

పొలంలో యంత్రం నడిపేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు మాత్రం ‘పది నిమిషాల పనే కదా’ అనుకుని దొరికిన రెండు సెంటరింగ్ బల్లలు వేసి, నలుగురు కలిసి తోసేస్తారు. సాయంత్రం చీకటి పడే వేళ, ఆటో డ్రైవర్ తొందర పెడుతుండగా జరిగే పని ఇది. బల్ల జారినా, విరిగినా నాలుగైదు వందల కిలోల ఇనుము వెనక ఉన్న మనిషి కాళ్ల మీదికి వస్తుంది. నాట్ల సమయంలో కాలు విరిగితే ఆ సీజను మొత్తం పోయినట్టే. కింద చెప్పిన జాగ్రత్తలకు పెద్ద ఖర్చు అవసరం లేదు. అరగంట సమయం, గట్టి బల్లలు, మంచి మోకు ఉంటే చాలు.

ముందుగా యంత్రం బరువు తెలుసుకోండి

బరువు తెలియకుండా బల్ల, తాడు ఎంచుకోలేం. 5 నుంచి 7 హెచ్‌పీ పవర్ వీడర్లు మోడల్‌ను బట్టి సుమారు 60 నుంచి 120 కిలోల వరకు ఉంటాయి. 12, 13 హెచ్‌పీ డీజిల్ పవర్ టిల్లర్ రోటరీతో కలిపి 400 నుంచి 500 కిలోల వరకు తూగుతుంది. మీ యంత్రం బరువు ఎంతో ఇంజన్ దగ్గరున్న రేకు మీద గానీ, కంపెనీ ఇచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. రోటరీతోనా, రోటరీ లేకుండానా అన్నది కూడా చూసుకోండి.

వాహనం మోయగల బరువును కూడా ఆర్‌సీలో చూసుకోవాలి. టిల్లర్‌తో పాటు డీజిల్ డబ్బా, ఇనుప చక్రాలు, నాగలి, ఎరువు బస్తాలు అన్నీ వేసే అలవాటు చాలామందికి ఉంది. అన్నీ కలిపితే చిన్న వాహనం మోయాల్సిన దానికంటే ఎక్కువే అవుతుంది. యంత్రం వెళ్లే రోజు బస్తాలు వేయకండి.

వాలు ఎంత ఉండాలి?

ఎక్కించే పనిలో సగం ప్రమాదం వాలు నిటారుగా ఉండటం వల్లే వస్తుంది. టేపు పెట్టి నేల నుంచి వాహనం బెడ్ వరకు ఎత్తు కొలవండి. చిన్న వాహనాల్లో, పికప్‌లలో ఇది ఎక్కువగా రెండున్నర అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. ట్రాక్టర్ ట్రక్కు ఇంకాస్త ఎత్తు ఉంటుంది. ఆ ఎత్తుకు నాలుగు రెట్లు పొడవున్న బల్ల వాడటం మంచిది. ఎంత లేదన్నా మూడు రెట్లకు తగ్గకూడదు. రెండున్నర అడుగుల ఎత్తుకు 10 అడుగుల బల్ల అన్నమాట.

పొడవు ఎందుకు ముఖ్యమో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. యంత్రం బరువు 450 కిలోలు, బెడ్ ఎత్తు రెండున్నర అడుగులు అనుకుందాం.

- 5 అడుగుల బల్ల వేస్తే పైకి లాగడానికి 225 కిలోల బలం కావాలి.
- ఏడున్నర అడుగుల బల్ల వేస్తే 150 కిలోలు.
- 10 అడుగుల బల్ల వేస్తే సుమారు 112 కిలోలు.

చక్రాల రాపిడి వల్ల నిజంగా పట్టే బలం దీనికి ఇంకొంచెం ఎక్కువే. యంత్రం వెనక్కి జారితే మీ మీదికి వచ్చే బలం కూడా దాదాపు ఇంతే. 112 కిలోలను మోకుతో ఆపవచ్చు. 225 కిలోలను ఇద్దరు మనుషులు చేతులతో ఆపలేరు.

ఎత్తు తగ్గించుకునే ఉపాయాలు

పొడవైన బల్లలు దొరకనప్పుడు బెడ్ ఎత్తునే తగ్గించుకోవచ్చు. పొలం గట్టో, కాలువ గట్టో గట్టిగా ఉన్నచోట వాహనాన్ని వెనక్కి తీసుకెళ్లి గట్టుకు దగ్గరగా ఆపండి. గట్టు ఒకటిన్నర అడుగు ఉంటే బల్ల ఎక్కాల్సిన ఎత్తు ఒక్క అడుగే మిగులుతుంది. అప్పుడు 4 అడుగుల బల్ల సరిపోతుంది. అయితే గట్టు అంచు తడిసి మెత్తగా ఉండకూడదు. బల్ల కింది చివర అంచుకు కనీసం రెండడుగులు లోపలికి ఉండాలి.

వెనక చక్రాలు కాస్త పల్లంలో ఉండేలా వాహనాన్ని ఆపినా ఎత్తు తగ్గుతుంది. కానీ బురద ఉన్న పల్లంలో ఆపకండి. బరువు ఎక్కాక వాహనం బయటికి రాదు.

ఏటా రెండు మూడు సార్లు యంత్రం తెచ్చుకునే రైతులు పొలం దారి పక్కన మట్టితో శాశ్వతంగా ఒక ర్యాంపు కట్టుకోవడం అన్నిటికంటే మంచిది. రెండున్నర అడుగుల ఎత్తు, 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న వాలుకు ఒకటి రెండు ట్రాక్టర్ ట్రక్కుల మట్టి సరిపోతుంది. పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. వాహనం ఆనే వైపు రాళ్లతో గానీ, మట్టి నింపిన సంచులతో గానీ గోడలా పేర్చుకోవాలి. పక్కపక్క పొలాల రైతులు నలుగురు కలిసి కట్టుకుంటే ధాన్యం బస్తాలు ఎక్కించడానికీ, పశువులను ఎక్కించడానికీ కూడా అదే పనికొస్తుంది. బల్ల జారడం, విరగడం అనే భయమే ఉండదు.

బల్లలు ఎలాంటివి వాడాలి?

సెంటరింగ్ బల్లలు, పాత తలుపు చెక్కలు, మంచం పట్టెలు వాడకండి. పైకి బాగానే కనిపించినా లోపల చీలిక, చెద, మేకుల రంధ్రాలు ఉంటాయి. బల్ల ఎప్పుడూ మధ్యలోనే విరుగుతుంది. అంటే యంత్రం సగం దారిలో ఉన్నప్పుడు విరుగుతుంది.

చెక్క బల్లలైతే ఈ కొలతలు పాటించండి:

- పవర్ వీడర్ లాంటి తేలిక యంత్రాలకు 2 అంగుళాల మందం, 9 లేక 10 అంగుళాల వెడల్పు ఉన్న గట్టి చెక్క సరిపోతుంది.
- పవర్ టిల్లర్‌కు 3 అంగుళాల మందం ఉండాలి. బల్ల మధ్యలో కింద రాళ్లో, చెక్క దిమ్మెలో పేర్చి ఆసరా ఇవ్వాలి. ఆసరా కదలకుండా ఉండాలి.
- బల్ల పైభాగంలో అడుగుకొకటి చొప్పున అడ్డంగా సన్న చెక్క పట్టీలు కొట్టించాలి. టైరు జారకుండా ఇవే పట్టు ఇస్తాయి. గోనె సంచులు పరచడం మంచిది కాదు. చక్రం తిరిగితే సంచి వెనక్కి లాక్కుపోతుంది.

వెల్డింగ్ షాపులో ఇనుప ర్యాంపు చేయించుకుంటే చాలా ఏళ్లు ఉంటుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఒక వెడల్పాటి ఛానల్‌ను బోర్లించి, దాని వీపు మీద చక్రం నడిచేలా చేస్తారు. పడుకోబెట్టిన ఛానల్ బరువుకు వంగిపోతుంది. పిల్లలు వాడే స్కేలును చూడండి. పడుకోబెట్టి నొక్కితే వెంటనే వంగుతుంది, నిలువుగా పట్టి నొక్కితే వంగదు. ఛానల్ కూడా అంతే. కాబట్టి ఒక్కో ర్యాంపుకు 75 మిల్లీమీటర్ల ఛానళ్లు రెండు నిలువుగా పెట్టించి, వాటి మధ్య నిచ్చెన మెట్లలా యాంగిల్ ముక్కలు దగ్గర దగ్గరగా వెల్డింగ్ చేయించండి. 10 అడుగుల ర్యాంపు ఒక్కోటీ ఇద్దరు మోయగలిగే బరువులోనే ఉంటుంది. ఆరేడుగురు రైతులు కలిసి ఒక జత చేయించుకున్నా చాలు.

పై చివర వాహనం బెడ్‌కు తగులుకునేలా కొక్కెం గానీ, వంచిన పట్టీ గానీ ఉండాలి. దాని పక్కనే గొలుసు కట్టడానికి ఒక రింగు పెట్టించండి. ఈ రింగు ఎందుకో ముందు చెబుతాం.

కొత్త బల్లయినా, పాత బల్లయినా, యంత్రం ఎక్కించకముందు పరీక్ష చేసి చూడండి. రెండు చివర్లా రెండేసి ఇటుకలు పెట్టి బల్లను వాటి మీద ఉంచండి. నలుగురు మనుషులు మధ్యలో ఒకరి పక్కన ఒకరు మెల్లగా ఎక్కి నిలబడండి. నలుగురి బరువు రెండున్నర క్వింటాళ్ల వరకు ఉంటుంది. పెద్ద టిల్లర్ ఒక్కో చక్రం మోపే బరువు కూడా సుమారు అంతే. చిటపట శబ్దం వచ్చినా, దిగాక బల్ల మళ్లీ తిన్నగా కాకపోయినా దాన్ని ఈ పనికి వాడకండి. విరిగినా అంగుళాల ఎత్తు నుంచే పడతారు కాబట్టి ఈ పరీక్షలో ప్రమాదం తక్కువ.

వాహనాన్ని సిద్ధం చేయడం

1. గట్టి, సమతలమైన నేల మీద ఆపండి. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపి, గేరులో ఉంచండి. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. టిల్లర్ బల్ల ఎక్కేటప్పుడు దాని చక్రాలు బల్లను వెనక్కి నెడతాయి, వాహనాన్ని ముందుకు నెడతాయి. వాహనం నాలుగంగుళాలు కదిలినా బల్ల పై చివర జారి కింద పడుతుంది.

2. బల్ల పై చివరను గొలుసుతో గానీ, గట్టి తాడుతో గానీ వాహనం చట్రానికి కట్టండి. పైన చెప్పిన రింగు ఇందుకే. కట్టని బల్ల మీదికి ఎంత తేలిక యంత్రాన్నయినా ఎక్కించకండి. చెక్క బల్ల అయితే బెడ్ మీద కనీసం అరడుగు లోపలికి ఉండాలి.

3. వెనక డోరు తెరిచి దాని మీద బల్ల ఆనించకండి. డోరును పట్టి ఉంచే గొలుసులు, కొక్కాలు ఆ బరువు కోసం చేసినవి కావు. డోరును పూర్తిగా కిందికి వేలాడదీయండి లేదా ఊడదీసి పక్కన పెట్టండి.

4. బరువు బల్ల పైకి వచ్చేసరికి వాహనం వెనక భాగం కిందికి దిగుతుంది, ముందు భాగం తేలుతుంది. వెనక చట్రం కింద చెక్క దిమ్మెలు పేర్చి ఆసరా ఇవ్వండి. ఎక్కించాక వాటిని తీయడం మరవకండి.

5. రెండు చక్రాల ట్రాక్టర్ ట్రక్కు అయితే ట్రాక్టర్ నుంచి విప్పి ఉంచిన ట్రక్కులోకి ఎప్పుడూ ఎక్కించకండి. వెనక చివర బరువు పడగానే ట్రక్కు తక్కెడలా లేచిపోతుంది. ట్రాక్టర్‌కు తగిలించి, పిన్ను వేసి, పిన్నుకు లాకు ఉందో లేదో చూసుకుని, అప్పుడు కూడా వెనక కింద ఆసరా పెట్టాకే పని మొదలుపెట్టండి.

యంత్రాన్ని సిద్ధం చేయడం

టైర్లకు అంటిన బురదను కడిగి తుడవండి. బురద టైరు బల్ల మీద సబ్బులా జారుతుంది. వాన పడుతుంటే, బల్లలు తడిగా ఉంటే ఆగండి. తప్పనిసరైతే బల్లలను తుడిచి ఎక్కించండి.

దమ్ము చేసే ఇనుప చక్రాలతో బల్ల ఎక్కించకండి. ఇనుము మీద ఇనుము జారుతుంది, చెక్క బల్లనైతే కోసేస్తుంది. రబ్బరు టైర్లు మార్చాకే ఎక్కించాలి. పొలంలో చీకటి పడిందని చక్రాలు మార్చకుండా ఎక్కించేవారు చాలామంది ఉన్నారు. ఆ పదిహేను నిమిషాలు మిగుల్చుకోవాలని చూడకండి.

రోటరీ తిరగకుండా గేరు తప్పించండి. రోటరీ విప్పగలిగితే విప్పి విడిగా ఎక్కించండి, బరువు చాలా తగ్గుతుంది. విప్పలేకపోతే బల్ల పైఅంచు దగ్గర రోటరీ గానీ, యంత్రం అడుగు భాగం గానీ తగులుకుంటుందేమో ముందే చూసుకోండి. డీజిల్ ట్యాంకు మూత బిగించండి. పెట్రోలు యంత్రమైతే ఎక్కించాక ఇంధనం కాకు కట్టేయండి.

బల్లల మధ్య దూరం టైర్ల మధ్య దూరానికి సరిపోవాలి. టైరు బల్ల మధ్యలో నడవాలి. రెండు బల్లలూ ఒకే పొడవు, ఒకే మందం ఉండాలి. ఒకటి చెక్కది, ఒకటి ఇనుపది వేయకండి.

ఎక్కించే పద్ధతి

కనీసం ముగ్గురు ఉండాలి. ఒకరు హ్యాండిల్ దగ్గర, ఒకరు వాహనంలో మోకు దగ్గర, ఒకరు అడ్డు దిమ్మెలు పట్టుకుని పక్కన. మాట చెప్పేది ఒక్కరే. అందరూ ‘లాగు, ఆపు’ అని అరిస్తే ఎవరి మాట వినాలో తెలియదు. పిల్లలను, చూడ్డానికి వచ్చినవారిని దూరంగా పంపండి.

మేము సూచించే పద్ధతి ఇంజన్ ఆపేసి మోకుతో లాగడం. యంత్రం ముందు చట్రానికి మోకు కట్టండి. హ్యాండిల్‌కు, బంపర్ రేకుకు కట్టకండి. మోకు రెండో చివరను బెడ్ ముందు భాగంలో చట్రానికి వెల్డింగ్ చేసిన గట్టి ఊచకు ఒకటి రెండు చుట్లు తిప్పి పట్టుకోండి. చుట్టు వేసిన మోకును ఒక మనిషి సులువుగా ఆపగలడు, ఎందుకంటే బరువంతా ఊచ మీద పడుతుంది. మోకును చేతికి మాత్రం చుట్టుకోకండి. చేతి విన్చ్ గానీ, చైన్ పుల్లీ గానీ దొరికితే ఇంకా మంచిది. ఒక్క మనిషే మెల్లగా లాగవచ్చు, వదిలినా యంత్రం వెనక్కి రాదు.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, అడుగు అడుగున లాగుతూ పోవాలి. లాగిన ప్రతిసారీ మూడో మనిషి పక్క నుంచి చక్రాల వెనక అడ్డు దిమ్మె జరుపుతుండాలి. దిమ్మెకు పొడవాటి కర్ర బిగిస్తే చెయ్యి చక్రం కిందికి పోదు. హ్యాండిల్ పట్టుకునే మనిషి బల్లల పక్కన నేల మీద ఉండి దారి తిన్నగా చూసుకోవాలి. యంత్రం వెనక ఎవరూ నిలబడకూడదు. బిగిసిన మోకుకు ఎదురుగా, దాని వరుసలో కూడా ఎవరూ ఉండకూడదు. మోకు తెగితే కొరడాలా తగులుతుంది.

ఇంజన్ నడుపుతూ ఎక్కించాల్సి వస్తే

కొన్నిసార్లు మోకు కట్టే వీలు ఉండదు. అప్పుడు మీ యంత్రం పుస్తకంలో ఏ పద్ధతి, ఏ దిక్కు చెప్పారో చూసి అలాగే చేయండి. సాధారణంగా ముందుకు నడుపుతూ ఎక్కిస్తారు, రివర్స్‌లో దించుతారు. ఈ విషయాలు గట్టిగా గుర్తుంచుకోవాలి:

- అన్నిటికంటే చిన్న గేరు నేల మీదే వేసుకోండి. బల్ల మీద గేరు మార్చకండి. గేరు తప్పిందంటే యంత్రం వెనక్కి దూకుతుంది.
- బల్ల మీద మెయిన్ క్లచ్ లాగకండి. క్లచ్ లాగితే చక్రాలకు ఇంజన్ పట్టు ఉండదు. చాలా టిల్లర్లలో క్లచ్ లివర్‌ను ఇంకా లాగితే బ్రేకు పడుతుంది. మీ యంత్రంలో బ్రేకు ఎలా పడుతుందో నేల మీదే రెండు మూడు సార్లు చూసుకోండి.
- బల్ల మీద పక్క క్లచ్‌లు (తిప్పే క్లచ్‌లు) అస్సలు ముట్టుకోకండి. చాలా ప్రమాదాలకు ఇదే మూలం. పొలంలో ఎడమ క్లచ్ నొక్కితే యంత్రం ఎడమకు తిరుగుతుంది. పల్లానికి దిగేటప్పుడు అదే ఎడమ క్లచ్ నొక్కితే ఎడమ చక్రం వదులై వేగంగా దొర్లుతుంది, యంత్రం కుడికి తిరుగుతుంది. అంటే అలవాటుకు పూర్తిగా ఎదురుగా జరుగుతుంది. పది అంగుళాల బల్ల మీద దాన్ని సరిచేసుకునే సమయం ఉండదు. యంత్రం పక్కకు పోతున్నట్టు అనిపిస్తే ఆపి, దిమ్మె వేసి, కిందికి దించి మళ్లీ మొదలుపెట్టండి.
- రెండు బల్లల మధ్య ఖాళీలో మనిషి నడవలేడు. నడవడానికి మధ్యలో మూడో బల్ల వేసి, దాన్నీ కట్టండి. చక్రాల బల్ల మీద కాలు పెట్టి నడవడం వల్లే కాళ్లు ఇరుక్కుంటాయి.
- ఇంజన్‌తో ఎక్కించినా భద్రత కోసం ముందు ఒక మోకు కట్టి, వాహనంలోని మనిషి చుట్టు వేసి పట్టుకుని, వదులు లేకుండా లాక్కుంటూ ఉండాలి.

యంత్రం జారితే వదిలేయండి

పని మొదలుపెట్టే ముందే అందరికీ ఈ మాట చెప్పండి: యంత్రం పక్కకు ఒరిగినా, జారినా ఎవరూ పట్టుకోవడానికి వెళ్లకూడదు. వెంటనే పక్కకు తప్పుకోవాలి. లక్షల రూపాయల యంత్రం పడిపోతుంటే చూస్తూ ఉండలేక చెయ్యి అడ్డం పెట్టడం సహజం. కానీ 450 కిలోలు ఒరిగాక నలుగురు పట్టినా ఆగదు. వంగిన హ్యాండిల్‌ను, పగిలిన రేకును మెకానిక్ బాగుచేస్తాడు. నలిగిన కాలు మళ్లీ మునుపటిలా కావడం కష్టం.

అద్దె యంత్రమైతే ఎక్కించడం, దించడం ఎవరి బాధ్యత, దారిలో పాడైతే ఖర్చు ఎవరిది అన్నది అద్దె మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోండి. పాడైతే డబ్బు కట్టాలన్న భయంతోనే చాలామంది పడిపోయే యంత్రానికి అడ్డం వెళ్తారు.

ఒకవేళ మనిషి కింద పడితే ముందు ఇంజన్ ఆపండి. యంత్రం ఇంకా జారకుండా చక్రాలకు అడ్డం వేయండి. ఒక్కరే తొందరపడి లాగకుండా జాకు, గడ్డపారలు, దిమ్మెలు తెచ్చి ఎత్తి మనిషిని బయటికి తీయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. కాలు విరిగినట్టు ఉంటే కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పొలం ఏ ఊరు, ఏ దారి అన్నది స్పష్టంగా చెప్పి, ఒక మనిషిని రోడ్డు మీదికి పంపండి.

ఎక్కించాక కట్టడం

బరువు వాహనం వెనక ఇరుసు మీద గానీ, దానికి కాస్త ముందు గానీ ఉండాలి. వెనక చివరన ఉంటే ముందు చక్రాలు తేలి స్టీరింగ్ సరిగా తిరగదు. యంత్రాన్ని గేరులో ఉంచి, చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు వేసి, నాలుగు మూలలకూ విడివిడిగా కట్టండి. చట్రానికి కట్టాలి. హ్యాండిల్‌కు, కేబుళ్లకు, సైలెన్సర్‌కు కట్టకూడదు. ప్లాస్టిక్ తాడు సాగుతుంది, కుదుపులకు వదులవుతుంది. రాచెట్ బెల్టులు వాడటం మంచిది. రెండు మూడు కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆపి మళ్లీ బిగించండి.

యంత్రం పక్కన మనుషులను కూర్చోబెట్టి తీసుకెళ్లకండి. ‘పట్టుకుని కూర్చుంటాడులే’ అని కుర్రాడిని ఎక్కించడం చాలా చోట్ల కనిపిస్తుంది. సడెన్ బ్రేకు పడితే యంత్రానికి, క్యాబిన్‌కు మధ్య నలిగేది ఆ కుర్రాడే. బల్లలను కూడా కట్టేయండి. కట్టని బల్ల వెనక వచ్చే మోటార్ సైకిల్ మీద పడుతుంది.

దించేటప్పుడు

ఎక్కించేటప్పటి కంటే దించేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఊరు చేరాం, పని అయిపోయిందనే తొందర ఉంటుంది. వాహనానికి రాళ్లు, వెనక ఆసరా, బల్లలకు గొలుసు అన్నీ మొదటి నుంచి మళ్లీ చేయాలి. యంత్రం కట్లు విప్పేముందే మోకు కట్టి ఊచకు రెండు చుట్లు వేసి బిగించుకోండి. కట్లు ముందే విప్పేస్తే యంత్రం తనంతట తానే దొర్లవచ్చు. ఆ తర్వాత మోకును కొంచెం కొంచెంగా వదులుతూ దించండి. కింద వైపు ఎవరూ ఉండకూడదు.

ఆయిల్ ఇంజన్లు, చక్రాలు లేని యంత్రాలు

ఆయిల్ ఇంజన్, చాఫ్ కట్టర్ లాంటివాటిని పైపు ముక్కల మీద దొర్లిస్తూ బల్ల ఎక్కించడం ప్రమాదం. వాలు మీద పైపులు అదుపు తప్పుతాయి. రెండు చెక్క పట్టెల మీద యంత్రాన్ని బోల్టులతో బిగించి, బల్ల మీద మోకుతో ఈడ్చడం మంచిది. రోటావేటర్, కల్టివేటర్ లాంటివి ట్రాక్టర్‌కే తగిలించి తీసుకెళ్లండి.

ఎక్కించే ముందు ఒకసారి చూసుకోండి

- బల్ల పొడవు ఎత్తుకు మూడు నాలుగు రెట్లు ఉందా?
- బల్లలను మనుషుల బరువుతో పరీక్షించారా? గొలుసుతో కట్టారా?
- వాహనం చక్రాలకు రాళ్లు, వెనక చట్రానికి ఆసరా ఉన్నాయా?
- టైర్లు, బల్లలు పొడిగా ఉన్నాయా? ఇనుప చక్రాలు తీశారా?
- మోకు చట్రానికి కట్టి, ఊచకు చుట్టు వేశారా?
- యంత్రం వెనక, మోకు వరుసలో ఎవరూ లేరు కదా?
- జారితే వదిలేసి తప్పుకోవాలని అందరికీ చెప్పారా?

వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఆ పని తెల్లవారే వరకు ఆపుకోండి. ఆటోకు ఇంకో ట్రిప్పు కిరాయి ఇచ్చినా, యంత్రానికి ఇంకో పూట అద్దె కట్టినా ఆసుపత్రి ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.